పొత్తిగుడ్డల యాయుర్దాయము

ఈ వ్యాసము పేరు చూచిన పాఠకులలో కొందరు నవ్వుదురనియు, కొందరు పుట త్రిప్పుదురనియు మేమెఱుగుదుము. మా పాఠశాలలోని తోటి యుపాధ్యాయులొకరు ఈ సంగతి వినినంతనే, "అయ్యా! రఘువంశము చెప్పువారికి ఇంతటి విషయదారిద్ర్యమెట్లు వచ్చినది?" అని యడిగిరి. రఘువంశమునందును బిడ్డ పుట్టుట కలదు గదా యని మేము బదులు చెప్పితిమి. కాని ఆ బిడ్డ గుడ్డలు తడిపిన సంగతి కవి చెప్పలేదు. వానిని ఉతికినది కవి కాకపోవుటయే అందులకు కారణమని ఇప్పుడు మాకు తోచుచున్నది.

పొత్తిగుడ్డలను మాట నేడు గ్రంథములలోను, క్రైస్తవుల తెలుగు బైబిలులోను మాత్రమే మిగిలియున్నది. మా సీమలో వీనిని ఉచ్చగుడ్డలనియే యందురు. ఆ మాటను సాహిత్యపత్రికలో వ్రాయుటకు మాకు సంకోచము కలిగినందున పాతమాటనే తలకెత్తుకొంటిమి. ఇట్టి సంకోచమే మా కథలోని సగము తప్పులకు మూలమని చదువరులు ముందు చూడగలరు.

మాది ఓబులదేవరచెరువు. గోరంట్లకును కదిరికిని నడుమనున్న యూరు. అనంతపురము జిల్లాలోనుండినది, 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదినుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఓబులుడనగా అహోబిల నరసింహుడే. దేవరయు చెరువును ఊరి పేరులోనే యున్నను, ఈ ప్రాంతమున ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే యగుటచేత, మేము ఉతుకుటకు వాడునది బోరునీరు. ఆ నీటిలో సున్నపుపాలు మెండు. బిందె యడుగున తెల్లని పొర కట్టును. సబ్బు నురుగు రాదు. ఈ నీటికిని మేము చెప్పబోవు కథకును గట్టి సంబంధము కలదు.

మా యమ్మాయి బెంగుళూరునుండి తొలికానుపునకు పుట్టినింటికి వచ్చినది. కార్తికమాసమున కదిరిలో ఆడబిడ్డను కన్నది. నలువదియెనిమిదవ యేట మేము తాతలమైతిమి. ఆసుపత్రినుండి యింటికి వచ్చిన నాడు అమ్మాయి పెట్టెనుండి రెండు పెద్ద కట్టలు బయటికి తీసినది. ఒకమారు వాడి పారవేయు కాగితపు డైపరులవి. మేము సంస్కారప్రియులము; అనగా ఇతరులను సంస్కరించుట మాకు మిక్కిలి ప్రియము. పురిటిమంచము ప్రక్కన కుర్చీ వేసికొని మేము ఉపన్యాసమారంభించితిమి.

ఆ యుపన్యాసములో అబద్ధమేమియు లేదు. దినమునకు పది చొప్పున నెలకు మూడువందలు. ఏడాదికి మూడువేల ఆరువందలు. అవి యెచ్చటికి పోవును? మా యూరి వెలుపల కంపచెట్లలో పడును. కుక్కలు చించి లాగును. లోపలి గుళికలు వాననీటికి జిగురై యుబ్బి కంపకు వ్రేలాడుట మేము కన్నులార చూచినదే. వాడిన డైపరులను పొట్లము కట్టి వేరుగా నుంచవలెననియు, ఆ పొట్లమునకు వలయు సంచిని అమ్మినవారే యీయవలెననియు 2016వ సంవత్సరపు ఘనవ్యర్థముల నియమములలో వ్రాయబడినది. మా యూరి కంపచెట్లు ఆ నియమములను చదివినట్లు లేదు. న్యూయార్కునందు 1949లో మేరియన్ డోనవన్ అను నావిడ తడి వెలికి రాకుండ గుడ్డపైన కట్టు కవచమును అమ్మకమునకు తెచ్చినదనియు, పారవేయు రకములలో ప్రసిద్ధమైన పాంపర్సు 1961లో అమెరికాలో పుట్టినదనియు, అంతకుముందు లోకమంతయు గుడ్డలతోనే పెరిగినదనియు చెప్పితిమి.

అంతటితో తృప్తి లేక చరకుని పిలిచితిమి. చరకసంహిత శారీరస్థానమునందలి యెనిమిదవ యధ్యాయమున పసిబిడ్డ పడకగుడ్డలను గూర్చిన విధి కలదు. వానిని బాగుగా ఉతికి, ధూపము పట్టి, శుభ్రముగా నారబెట్టి మరల వాడవచ్చునని యచ్చట నున్నది. ధూపమునకు యవలు, ఆవాలు, ఇంగువ, గుగ్గిలము, వస మున్నగునవి చెప్పబడినవి. "చూచితివా! రెండువేల యేండ్ల నాటి మాట" అని మేము పొంగిపోతిమి. అమ్మాయి బాలింతరాలు, వాదించు నోపిక లేక, "సరే నాన్నా" యని కట్టలను మంచము క్రిందికి నెట్టినది. గెలిచితిమని మేము సంతోషించితిమి. ఆ విధిలో మొదటి సగమును మేము చదువక విడిచిన సంగతి అప్పుడు మాకే తెలియదు. దానిని తరువాత చెప్పుదుము.

గుడ్డల సంగతి మా యమ్మ చూచుకొన్నది. ఆమెకు డెబ్బది దాటినవి; కన్నులు మందగించినవి. ట్రంకుపెట్టె తెరచి, చేతితో తడిమి తడిమి చీరలను వేరు చేసినది. ధర్మవరపు పట్టు ప్రక్కకు పోయినది. దాని గౌరవము పెండ్లిపందిరిలోనే. నైలాను కలిసినవి పోయినవి. మేము అంగడిలో క్రొత్త మల్లుగుడ్డ కొని తెత్తుమనగా ఆమె నవ్వి, "కొత్తగుడ్డ నీళ్ళు తాగదురా. నాలుగేండ్లు ఒంటిమీద నలిగిందే తాగుతుంది" అని చెప్పినది. మేము ఆంగ్లమున చదివిన శాస్త్రమును అదియే చెప్పుచున్నది. ప్రత్తిపోగునకు పుట్టుకతో మైనము వంటి పూత కలదు. మగ్గముమీద గంజి చేరును. పలుమారులు ఉతికినగాని అవి వదలవు. వదలినగాని పోగు నీటిని పీల్చదు.

ఆరుగజముల చీర నుండి మూర వెడల్పు మూర పొడవు గుడ్డలు ఇరువదినాలుగు రావలెనని మేము కాగితముపై లెక్క కట్టితిమి. వచ్చినవి పదునాఱు. చీరలో కూర్చుండు భాగము ఎప్పుడును ముందుగా నీరసించును, అంచు గరుకు, కొంగు బిరుసు. మా యమ్మ కత్తెర ముట్టలేదు. అంచున చిన్న గంటు పెట్టి పోగు వెంబడి చర్రున చించినది. చినుగు శబ్దమును చెవియొగ్గి వినుచు, "ఇది గట్టిది", "ఇది ఆర్నెల్లే" యని వేరువేరు కుప్పలు వేసినది. నాలుగు చీరలు ముగిసిన తరువాత మేము మా తండ్రిగారి పంచె నొకదానిని తెచ్చి యిచ్చితిమి. ఆయన పోయి తొమ్మిదేండ్లు. ఆ పంచె మెత్తనిది, వెన్నవలె నుండెను. మా యమ్మ దానిని చేతబట్టి కొంచెముసేపు మాటాడలేదు. తరువాత, "ఇది చాలా పాతది" యని మాత్రము చెప్పినది. మేము ఆ మాటను దుఃఖమని యనుకొంటిమి. అది వస్త్రపరీక్ష.

ఇక ఉతుకుట. మా బాల్యమున పురిటిగుడ్డలు మా యింటివారు ఉతికి యెఱుగరు. చాకలి యామె పెరటివాకిట వచ్చి, దూరముగా విడిచిన మూటను ఎత్తుకొని పోవుచుండెను. కల్లములో కొలిచి యిచ్చు గింజలు ఆమె కూలి. పది దినముల మైల మాది. దానిని మోయుట ఆమెది. శుచి యను దానిని మేము ఇంట నుంచుకొని, అశుచిని ఆమె నెత్తిన పెట్టిన యేర్పాటది. అది పోయినందుకు మాకు సంతోషమే. ఆమె మనుమడు హిందూపురములో ఉద్యోగము చేయుచున్నాడు. కాని ఆ పని ఆమెనుండి తప్పి యెవరిపై పడినదని మేము విచారింపలేదు. మా భార్యపై పడినది. తెల్లవారుజామున లేచి పండ్రెండు గుడ్డలు, సాయంకాలము మఱి యెనిమిది. నాలుగు బిందెల నీరు. అందును నీరు దినము విడిచి దినము వచ్చు కాలము. పైగా మేము చరకుని పేరు చెప్పి దినదినము మరగబెట్టించితిమి. నలువది దినములు రావలసిన గ్యాసుబుడ్డి ఇరువదియాఱు దినములకే చల్లబడినది. మా భార్య ఆ తేదిని గోడమీది పంచాంగమున గుండ్రముగా గీచియుంచినది. మాతో నేమియు ననలేదు.

రెండవ నెలలో బిడ్డకు తొడల సందున ఎఱ్ఱని పొక్కులు లేచినవి. గుడ్డలు తెల్లగానే యున్నవి. నిజమునకు మా యింటి గుడ్డలు ఊరిలోనెల్ల తెల్లనివి. ఏలయన, మేము వారమునకొకమారు బ్లీచింగుపొడి కలిపించుచుంటిమి. ఆరినపుడు మాత్రము అప్పడములవలె నిలువబడుచుండెను. కదిరిలోని వైద్యుడు బిడ్డను చూచి, పిమ్మట గుడ్డను చూపుమనెను. అమ్మాయి సంచినుండి యొకటి తీసి యిచ్చెను. ఆయన దానిని వ్రేళ్ళతో నలిపి, "ఎన్నిమారులు జాడించుచున్నారు?" అని మమ్మడిగెను. పెద్దవారము, చదువుకొన్నవారము గదా! "మూడుమారులు" అంటిమి. అమ్మాయి తల వంచుకొని, "నీళ్ళు లేనప్పుడు ఒక్కసారే డాక్టరుగారూ" అనెను. అంత సిగ్గు మాకు తనిఖీయధికారి యెదుటను కలుగలేదు.

ఇంటికి వచ్చు బస్సులో మేమొక నిశ్చయమునకు వచ్చితిమి. మరునాటి తెల్లవారుజామున గుడ్డల బకెట్టు మా చేతిలోనుండెను. మా భార్య మొదట నమ్మలేదు, పిమ్మట వారింపలేదు, మూడవనాటికి బారెడు ప్రొద్దెక్కువరకు నిద్రించినది. ప్రక్కయింటివారు గోడపైనుండి చూచిరి. ఐవారు ఉచ్చగుడ్డలు ఉతుకుచున్నాడని బడిపిల్లలకు తెలియుటకు ఒక పూట పట్టినది. మఱచుటకు ఒక వారము. ఉతుకుటలో మా యజ్ఞానము చూచి జాలిపడి విద్య చెప్పినది, మేము పైన చెప్పిన చాకలి వృద్ధురాలే. ఊరిలోనున్న కూతురింటికి వచ్చి, మనుమరాలిని చూచిపోవుటకు మా యింటికిని వచ్చినది. ఆరవేసిన గుడ్డనొకదానిని ముట్టి చూచి, "ఐవారూ, ఇవి ఉప్పునీళ్ళు. ఊరికే సబ్బు రుద్దితే జిడ్డు గుడ్డలోనే కూచుంటాది. మాకప్పుడు సౌడు ఉండె. మీరు సోడా అన్నా ఎయ్యల్ల" అనెను.

ఆమె మాటలో రసాయనశాస్త్రమంతయు నున్నది. సున్నపునీటిలో సబ్బు కరగక విరిగి, జిగటైన తెట్టుగా మారి పోగుల నడుమ చేరును. దానిచేత గుడ్డ బిరుసెక్కును; నీరు పీల్చదు; ఉతికినను లోన మూత్రపు శేషము నిలుచును. క్రిములు ఆ శేషమునుండి ఘాటైన అమ్మోనియా వాయువును పుట్టించును. తడి, రాపిడి, క్షారము మూడును చేరినచోట పసిచర్మము పుండగును. చాకలిసోడా ముందుగా వేసినచో అది సున్నమును పట్టి యడుగునకు దింపును. పిమ్మట సబ్బు తన పని తాను చేయును. పూర్వము చాకలివారు వాడిన చవుటిమన్నులోనిదియు ఇట్టి క్షారమే. మేము వేయించిన బ్లీచింగుపొడి దీనికి విరుద్ధము. అది నీటికి మఱింత సున్నమును చేర్చును. ప్రత్తిపోగును లోలోపల కొరుకును. గుడ్డ తెలుపెక్కుచుండగా మేము దాని నారోగ్యమనుకొంటిమి. అది క్షయరోగి ముఖమున కనబడు తెలుపు.

అటు తరువాత మా పద్ధతి ఇది. మలమును వెంటనే చన్నీటితో వదలించుట. ముందుగా వేడినీరు తగిలినచో మరక పోగున నాటుకొని పోదు. సోడానీటిలో ఒక గంట నానబెట్టుట. కొంచెము సబ్బుతో చేతులతో పిసుకుట; బండమీద బాదుట మానితిమి. జాడించిన నీటిలో సబ్బు జాడ లేకుండువరకు జాడించుట. మరగబెట్టుట వారమునకొక్కమారే. ఎండను మాత్రము మా సీమ యెవరికిని తక్కువ చేయదు. ఎండ మరకను తీయును, వాసనను తీయును, క్రిములను చాలవరకు చంపును. అయినను సాయంకాలమువరకు తీగెమీద మఱచినచో అదే యెండ గుడ్డ ప్రాణమును తీయునని మేము చైత్రమాసమున నేర్చితిమి. సాంబ్రాణిపొగను మాత్రము విడిచితిమి. చరకునియెడ గౌరవము లేక కాదు, పసిబిడ్డ ఊపిరికి పొగ మేలు చేయదని నేటి వైద్యులు చెప్పుటచేత. పదునైదు దినములలో పొక్కులు మానినవి. మేము ఉతుకుటలో ప్రవీణులమైతిమని మాకు గర్వము కలిగెను.

అసలు సంగతి ఇప్పుడు వచ్చుచున్నది. గుడ్డను నిలుపుట నేర్చితిమి గాని విడుచుట నేర్వలేదు. నెలలు గడచుకొలది కొన్ని గుడ్డలు పలుచనైనవి. మా భార్య వానిని తీసి ప్రక్కన వేయుచుండెను. మేము తీసి మరల తీగెమీద వేయుచుంటిమి. ముఖ్యముగా మా తండ్రిగారి పంచెనుండి చించిన ఆఱు గుడ్డలు. వాని యంచులు పీచు లేచినవి. "ఏమండీ, ఇవి చాలు, ఇంక తీసేద్దాము" అని ఆమె రెండుమారులు చెప్పినది. మేము కత్తెరతో పీచు కత్తిరించి, "ఇంకను నెల యాగును" అంటిమి. ముత్తాత పంచెలో మునిమనుమరాలు నిద్రించుచున్నదను తలంపు మాకు తీపిగా నుండెను. ఆ తీపి బిడ్డకు సంబంధించినది కాదు, మాకు సంబంధించినది.

శివరాత్రి గడచిన కొన్నాళ్ళకు ఒక రాత్రి బిడ్డ యేడ్పు మొదలిడినది. పాలిచ్చిన మానలేదు. ఊయలలో వేసిన మానలేదు. కడుపునొప్పియని వామునీరు పట్టిరి. గుడ్డ మార్చిరి. దిష్టి తీసిరి. దిష్టిని గూర్చి మేము ఆ రాత్రి యుపన్యసింపలేదు. రెండు గంటలైనది. ఏడ్చి యేడ్చి గొంతు బొంగురుపోయినది, అయినను ఆగదు. కదిరికి పోవుటకు ఆటోను పిలుచుటకై మేము చెప్పులు వెదకుచుండగా మా యమ్మ, "దీపము నాకెందుకు, బిడ్డ నిటు తెమ్ము" అని ఒడిలో నుంచుకొని గుడ్డలన్నియు విప్పి, తలనుండి క్రిందికి ఒక్కొక్క యంగమును వ్రేళ్ళతో తడుమసాగెను. చెవులు, మెడమడత, చంకలు, చేతివ్రేళ్ళు ఒకటొకటిగా. ఎడమపాదమునకు వచ్చి ఆగెను. "ఇక్కడ చూడండి" అనెను.

రెండవ వ్రేలు రేగుపండువలె ఉబ్బి నల్లబడుచున్నది. దాని మొదట చర్మములో మునిగి కనబడకుండ ఒక పోగు రెండు చుట్లు చుట్టుకొనియున్నది. తెల్లని పోగు, పంచె పోగు. బిడ్డ కాళ్ళు తన్నుకొన్నపుడు అంచు పీచులో వ్రేలు చిక్కి మెలిబడినది. మా అమ్మాయి ఫోను వెలుతురు పట్టెను. మా భార్య కుట్టుపెట్టెలోని సన్నని కత్తెర మొనను చర్మమునకును పోగునకును నడుమ దూర్చెను. ఆమె చేయి వణకలేదు. మేము గోడ పట్టుకొని నిలుచుంటిమి. పోగు తెగినది. బిడ్డ ఒక పెద్ద వెక్కు వెక్కి, వెంటనే మా యమ్మ ఒడిలోనే నిద్రపోయెను.

తెల్లవారకముందే కదిరికి కొనిపోయితిమి. రెండవ చుట్టు నింకను లోపల మిగిలియుండునేమో యని వైద్యుడు అద్దముపెట్టి చూచి, లేదని చెప్పెను. పసిబిడ్డల వ్రేళ్ళకు వెండ్రుకయో దారమో చుట్టుకొని రక్తమును ఆపుట వైద్యులెఱిగిన యాపదయే. దానికి ప్రత్యేకముగా పేరును కలదు. కారణము లేక ఏడ్చు శిశువు కాలివ్రేళ్ళను, చేతివ్రేళ్ళను చూడుమని వారికి పాఠములోనే చెప్పుదురట. కొన్ని గంటలు ఆలస్యమైనచో వ్రేలు పోవచ్చును. మా మనుమరాలి వ్రేలు నాలుగు దినములలో యథాస్థితికి వచ్చినది. ఎఱ్ఱని గీత మాత్రము మఱి కొన్నాళ్ళుండెను. అది మాయువరకు మేము దినమునకొకమారు ఆ పాదమును చూచుచుంటిమి. ఇంటిలో ఎవరును మమ్మొక మాట యనలేదు. అనియుండిన బాగుండెడిది.

ఆ సాయంకాలము మేము చరకసంహితను మరల తెరచితిమి. విధి యిట్లున్నది: బిడ్డ పడకగుడ్డలు మెత్తగా, తేలికగా, శుచిగా, సువాసన గలిగి యుండవలెను, చెమటయు, మురికియు, పురుగులును, మలమూత్రములును సోకినవానిని విడువవలెను. ఇది మొదటి వాక్యము, ఇదియే సామాన్యవిధి. వేఱు గుడ్డలు లభింపని యెడల మాత్రము వానినే ఉతికి, ధూపించి, ఆరబెట్టి వాడవచ్చును. ఇది రెండవ వాక్యము. మేము అపవాదమును ఉత్సర్గముగా చదివితిమి. వ్యాకరణము పదేండ్లు చదివి బడిలో ఇరువదియేండ్లు చెప్పిన మాకు ఇట్టి తప్పు చేసిన పిల్లవాడు దొరికినచో బెంచీ యెక్కించియుందుము. పెట్టెలో ఇంకను మూడు చీరలుండగా "వేఱు లభింపని యెడల" అను షరతు మాకెట్లు వర్తించును?

మరునాడు గుడ్డలన్నింటిని నేలపై పరచి, మా యమ్మ చెప్పగా, మా భార్య చూడగా, మేము పరీక్షించితిమి. ఒక నీటిచుక్కను వ్రేలితో గుడ్డపై వేయుదుము. వెంటనే యింకినచో అది బ్రతికియున్నది. తామరాకుమీదవలె నిలిచినచో తెట్టు పట్టినది. సోడాతో మరగబెట్టి మరల చూడవలెను. అప్పటికిని నిలిచినచో దానికి సెలవు. రెండవది, కిటికీకి ఎదురుగా పట్టుట: అవతలి చింతచెట్టు ఆకులు వేర్వేరుగా కనబడినచో సెలవు. మూడవది మా యమ్మది. రెండు బొటనవ్రేళ్ళతో అడ్డముగా లాగి చెవి దగ్గర పెట్టుకొనుట. పోగు తెగు చిన్న చప్పుడు మాకు వినబడలేదు, ఆమెకు వినబడెను. ఇక అంచు. పీచు లేచిన గుడ్డను మడిచి కుట్టవచ్చునని మేమంటిమి. కుట్టినచోట గరుకగును, కుట్టుదారము మఱియొక దారమే గదా యని మా భార్య యనెను. ఆరిన గుడ్డను తిరిగి తడిపి వాసన చూచుట కూడ కలదు. ఆరినపుడు లేని ఘాటు తడిసినపుడు లేచినచో అది శుభ్రము కాలేదన్నమాట. డెబ్బదిరెండింటిలో నలువదియొకటి మిగిలినవి. పంచె గుడ్డలారును పోయినవి.

డైపరులను గూర్చి మా మతము కొంత మారినది. ఇంగ్లండులోని ప్రభుత్వ పర్యావరణసంస్థవారు ఈ రెంటిని తూచి 2005లో నొక నివేదికను, 2008లో దాని సవరణమును వెలువరించిరి. గుడ్డలు గుడ్డలగుటచేతనే మేలు కావని వారి తేల్పు. నీటిని మితిమీరి కాచి, యంత్రముమీద ఆరబెట్టినచో లాభము మాయమగును. నిండుగా వేసి ఉతికి, తీగెమీద ఆరబెట్టి, రెండవ బిడ్డకును వాడినచో గుడ్డలవలన భూమికి కలుగు తాపము వారి సాధారణపు లెక్కకంటె 40 శాతము తగ్గును. తీగె మాకు సహజముగానే యున్నది. గ్యాసుబుడ్డిని మాత్రము మేము లెక్కింపలేదు, పంచాంగముమీది గుండ్రని గీత లెక్కించినది. మంచము క్రింది కట్టలు మరల పైకి వచ్చినవి. రాత్రి యొకటి, బస్సుప్రయాణమున నొకటి, పగలు గుడ్డ. దీనితో తల్లికి నిద్ర దొరకినది. వాడినదానిని కాగితమున చుట్టి విడిగా పంచాయతి బండికి ఇచ్చుట మా పని.

ఉగాది వెళ్ళిన పదిదినములకు అమ్మాయి బెంగుళూరికి పోయినది. ముప్పది గుడ్డలు కట్టుకొని పోయినది. సెలవు పొందినవి మా యింట మిగిలినవి. కొన్ని పొయ్యిగట్టు తుడుచుటకు, కొన్ని సైకిలు తుడుచుటకు. పంచె గుడ్డలలో రెంటిని మడిచి, చుట్టి, మధ్యను బిగించి కట్టి, మా తరగతిలోని నల్లబల్ల తుడుచుటకు తీసికొనిపోయితిమి. అంగడిలో అమ్ము దస్టరుకంటె బాగుగా తుడుచును, సుద్దపొడి ఎగరదు. పదవతరగతి పిల్లలు దానిని ఎక్కడ కొంటిరని యడిగిరి. ఇంటిలోనిదేయని చెప్పితిమి.

గడచిన వారము అమ్మాయి ఫోను చేసినది. తీసికొనిపోయినవానిలో పదునొకండు చుక్కపరీక్షలో ఓడినవనియు, అచ్చటి నీరును బోరునీరేయనియు, అవ్వ చీర యింకొకటి దొరకునాయనియు అడిగినది. మా యమ్మ పెట్టె తెరచి, మిగిలిన చీరలలో ఆకుపచ్చనిదానిని తీసి, చెంపకు ఆనించి చూచుకొని, మరల మడిచి పెట్టెలో పెట్టినది. "ఇంకా బిరుసుగా ఉంది. ఈ యేడు నేను కట్టుకొంటాను. అంతవరకు ఆ రెండిటితో సరిపెట్టుకోమను" అనెను. మరునాటినుండి ఆమె ఆ చీరనే కట్టుచున్నది.